జీకే బిట్లను ఎలా ప్రాక్టీస్ చేయాలి: పోటీ పరీక్షల అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో మంచి సీటు కావాలంటే గేటు తీయకముందే వెళ్ళి నిలబడాలి. మొన్న ఒక ఆదివారం అక్కడి చెట్టు కింద నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు కలిశాడు. చేతిలో లావుపాటి బిట్ బ్యాంక్, పేజీల అంచులన్నీ నలిగిపోయి ఉన్నాయి.

"మూడుసార్లు కంప్లీట్ చేసిన అన్నా. అయినా మాక్ టెస్టుల జీకే సగం కూడ వస్తలేదు" అన్నాడు.

"73వ రాజ్యాంగ సవరణ దేని గురించి?" అని అడిగాను.

"పంచాయతీరాజ్." టక్కున చెప్పాడు.

"దాంతో వచ్చిన షెడ్యూల్ ఏది? అందులో ఎన్ని అంశాలున్నాయి?"

కాసేపు ఆగాడు. "పదకొండు... కాదు, పన్నెండా అన్నా?"

ఆ తమ్ముడు కష్టపడలేదని ఎవరూ అనలేరు. కాకపోతే ప్రశ్న పక్కనే జవాబు కనిపిస్తుండగా మూడుసార్లు చదివాడు. దాంతో 73 అనగానే పంచాయతీరాజ్ అని నాలుక మీదికి వస్తోంది, అదే విషయాన్ని ఇంకో వైపు నుంచి అడిగితే చేతులెత్తేస్తున్నాడు. 73తో 11వ షెడ్యూల్ వచ్చింది, అందులో 29 అంశాలు. 74తో మున్సిపాలిటీలకు 12వ షెడ్యూల్ వచ్చింది, అందులో 18. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చూసుకుని ఉంటే అక్కడ ఆగేవాడు కాదు. అశోక్‌నగర్ రూముల్లో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఇలా ఏళ్ళు గడిపేస్తున్న పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీ పరీక్షలో జీకే బరువెంతో తెలుసుకోండి

అన్ని పరీక్షలకూ ఒకే రకంగా చదివితే కుదరదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, సమయం 60 నిమిషాలు. అందులో జీకే 25 ప్రశ్నలు. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలకు 40 జనరల్ అవేర్‌నెస్ నుంచే వస్తాయి, రెండో దశలో 120కి 50. తెలంగాణ గ్రూప్-4లో మొదటి పేపర్ మొత్తం జనరల్ నాలెడ్జే, 150 మార్కులు. గ్రూప్-2లో ఒక్కోటి 150 మార్కులతో నాలుగు పేపర్లు. అందులో నాలుగోది పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే.

సీజీఎల్‌కి చదివే అమ్మాయి ఉద్యమ చరిత్ర మీద నెలలు పెట్టాల్సిన పని లేదు. గ్రూప్-2 రాసేవారు దాన్ని పైపైన చూసి వదిలేస్తే మునుగుతారు. సిలబస్ పేజీని జిరాక్స్ తీయించి టేబుల్ ముందు గోడకు అతికించుకోండి. చదవడం పూర్తయిన అంశం పక్కన టిక్ కాకుండా తేదీ వేయండి. రివిజన్ ఎప్పుడు చేయాలో ఆ తేదీయే చెబుతుంది.

రెండో మెట్టు: పుస్తకం కంటే ముందు పాత పేపర్

చాలామంది సిలబస్ అంతా అయ్యాక పాత పేపర్లు చూద్దాంలే అనుకుంటారు. సిలబస్ ఎప్పటికీ అయిపోదు, పేపర్లు అలాగే ఉండిపోతాయి. మీరు మొదటి వారంలోనే నాలుగైదు పాత పేపర్లు తీసి, ఒక్క జవాబు తెలియకపోయినా సరే, ప్రశ్నలన్నీ చదవండి. ప్రతి ప్రశ్న పక్కన పాలిటీ, భూగోళం, ఆధునిక చరిత్ర, సైన్స్ అంటూ పెన్సిల్‌తో రాసుకోండి. పరీక్ష దేన్ని ఎంత లోతుగా అడుగుతుందో రెండు రోజుల్లో మీకే అర్థమవుతుంది.

పేపర్‌తో పాటు ఫైనల్ కీ, అంటే అధికారిక జవాబుల జాబితా, కూడా దించుకోండి. ముందు ప్రిలిమినరీ కీ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకున్నాక ఫైనల్ కీ వస్తుంది. ఈ మధ్యలో కొన్ని జవాబులు మారతాయి, కొన్ని ప్రశ్నలను తీసేస్తారు. కోఠీలో దొరికే పుస్తకాలన్నీ ఫైనల్ కీ చూసే అచ్చువేశారని నమ్మకండి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నేను సిద్ధమవుతున్న రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో ఒక బిట్ పుస్తకం కొన్నాను. అందులో 11వ షెడ్యూల్‌కి 18 అంశాలని, 12వ దానికి 29 అని తారుమారుగా ఉంది. అలాగే బట్టీ పట్టాను. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. తెలిసిన ప్రశ్న వచ్చిందన్న సంతోషంతో తప్పు జవాబు దిద్ది బయటికొచ్చాను. ఆ రోజు నుంచి అంకె ఉన్న ఏ బిట్‌నైనా తెలుగు అకాడమీ పుస్తకంలోనో, స్కూల్ పాఠ్యపుస్తకంలోనో, రాజ్యాంగ ప్రతిలోనో ఒకసారి చూసుకున్నాకే నోట్సులో రాస్తున్నాను.

పాత పుస్తకం కొనేటప్పుడు మూడు చోట్ల చూడండి. తెలంగాణలో జిల్లాలు 31 అని ఉంటే అది 2019 ఫిబ్రవరికి ముందుది. ములుగు, నారాయణపేట చేరాక 33 అయ్యాయి. కేంద్రపాలిత ప్రాంతాలు 9 అని ఉంటే 2020 జనవరికి ముందుది. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిసిపోయాక 8 మిగిలాయి. రాజ్యాంగ సవరణలు 105తోనే ఆగిపోతే, లోక్‌సభలో, శాసనసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి 106వ సవరణ అందులో లేదన్నమాట. అలాంటి పుస్తకం ప్రాచీన చరిత్రకు పనికొస్తుంది. పాలిటీకి, తెలంగాణ భూగోళానికి వాడకండి.

మూడో మెట్టు: బిట్‌ను విప్పడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి.

ప్రతి బిట్‌లో నాలుగు ఆప్షన్లుంటాయి. మనం సరైనదాన్ని గుర్తుపెట్టుకుని మిగతా మూడింటినీ వదిలేస్తాం. పేపర్ సెట్ చేసేవారు మాత్రం ఆ మూడింటినీ ఊరికే పెట్టరు. అవి కూడా అదే అధ్యాయంలోవే. ఈసారి తప్పు ఆప్షన్‌గా కనిపించినది వచ్చేసారి ప్రశ్నగా రావచ్చు. అందుకే ప్రతి తప్పు ఆప్షన్‌నూ "ప్రశ్న ఎలా మారితే ఇది కరెక్ట్ అవుతుంది?" అని అడగాలి.

ఒకటి చేసి చూద్దాం. ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చిన సవరణ ఏది? ఆప్షన్లు 42, 44, 61, 86. జవాబు 42వ సవరణ, 1976. స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సుతో IV-ఎ భాగం, 51ఎ అధికరణ వచ్చాయి. ప్రవేశికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మాటలు చేరిందీ దీంతోనే.

ఇప్పుడు మిగిలిన మూడూ. 44వ సవరణ 1978లో వచ్చింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసి 300ఎ అధికరణలో పెట్టింది. 61వ సవరణ ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. 86వ సవరణ 2002లో వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు విద్యను 21ఎ కింద ప్రాథమిక హక్కు చేసింది. దాంతోపాటే ఇంకో పని కూడా చేసింది: పిల్లలను చదివించడం తల్లిదండ్రుల, సంరక్షకుల బాధ్యత అంటూ 11వ ప్రాథమిక విధిని చేర్చింది.

చిక్కు ఎక్కడుందో చూశారా? "11వ ప్రాథమిక విధిని చేర్చిన సవరణ ఏది" అని ఒక్క మాట మారిస్తే జవాబు 42 నుంచి 86కి వెళ్ళిపోతుంది. హడావిడిగా చదివినవారు విధులు అనగానే 42 దిద్దేస్తారు. ఇక్కడ ఆ 86 అనే ఆప్షన్‌ను పెట్టిందే అందుకు. బిట్‌ను విప్పినవారు మాత్రం అక్కడ ఒక్క క్షణం ఆగుతారు.

ఇలా ఒక్క బిట్ నుంచి కనీసం నాలుగు కొత్త ప్రశ్నలు మీరే రాయాలి. మొదట్లో ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది. రోజుకు 200 బిట్లు చదివే స్నేహితుడి పక్కన 15 బిట్లతో కూర్చుంటే టెన్షన్‌గా ఉంటుంది, నాకు తెలుసు. తట్టుకోండి. నెల తిరిగేసరికి ఆప్షన్లు చూడగానే వాటి వెనకాల ఏముందో మీకు కనిపించడం మొదలవుతుంది.

స్టేట్‌మెంట్ ప్రశ్నలకు కూడా ఇదే పద్ధతి. మనందరం రోజూ తలుచుకునే పబ్లిక్ సర్వీస్ కమిషన్ గురించే రెండు వాక్యాలు తీసుకుందాం. ఒకటి, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యులను గవర్నర్ నియమిస్తారు. రెండు, వారిని తొలగించేది కూడా గవర్నరే. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. 317వ అధికరణ ప్రకారం తొలగించే అధికారం రాష్ట్రపతిది. నియమించినవారే తొలగిస్తారని మన బుర్ర దానంతటదే అనేసుకుంటుంది, ప్రశ్న దాని మీదే తయారవుతుంది. ఇక్కడే పదవీకాలం కూడా చూసేయండి: ఆరేళ్ళు, లేదా రాష్ట్ర కమిషన్‌లో 62, యూపీఎస్‌సీలో 65 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అది. ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగిస్తారు, రాజీనామా ఎవరికి ఇస్తారు, ఎన్నేళ్ళుంటారు అనే నాలుగు ప్రశ్నలనూ ప్రతి రాజ్యాంగ పదవికీ వేసి ఒక పట్టిక గీసుకోండి. రాష్ట్రపతి నుంచి కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) దాకా ఒక్క చార్టులో పట్టేస్తుంది.

నాలుగో మెట్టు: చరిత్రను కథగా కట్టుకోండి

తేదీలు ఒంటరిగా నిలబడవు. వాటిని కలిపే తాడు కావాలి.

ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని 1901లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివారు దాని వెనక ఉన్నారు. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు లేని కాలమది, తెలుగు పుస్తకాల కోసం ఒక గ్రంథాలయం పెట్టడమే పెద్ద సాహసం. ఇరవై ఏళ్ళకు, 1921 నవంబరులో, వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు సంఘ సంస్కర్త మహర్షి కార్వే. వేరే భాషల ప్రసంగాలను బుద్ధిగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఎగతాళి చేసింది. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది, అధ్యక్షుడు ఆయనే.

గ్రంథాలయం, అవమానం, సంఘం, పత్రిక, మహాసభ. ఒకదాని వెనక ఒకటి ఎందుకు వచ్చిందో తెలిసిన తర్వాత "కాలక్రమంలో అమర్చండి" అనే ప్రశ్నకు సంవత్సరాలు సరిగ్గా గుర్తులేకపోయినా జవాబు పెట్టగలరు. మనం రోజూ కూర్చునే రీడింగ్ రూముల వెనక ఇంత కథ ఉందని తెలిశాక నాకైతే గ్రూప్-2 నాలుగో పేపర్ చదవడం బరువనిపించలేదు.

మూసీ వరద కూడా ఇలాంటిదే. 1908 సెప్టెంబరు 28న వరద వచ్చింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి. చాలామంది వీటిని తాగునీటి చెరువులుగానే చదువుతారు. కట్టడానికి కారణం వరద అని గుర్తుంటే సంవత్సరం కూడా గుర్తుంటుంది.

ఐదో మెట్టు: మెట్రో కిటికీ పక్కన

నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే బ్లూ లైన్ ఎక్కండి. ఉప్పల్ దాటాక ఎన్‌జీఆర్‌ఐ పేరుతోనే స్టేషన్ వస్తుంది. అది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1961లో పెట్టారు. దగ్గర్లోనే సీసీఎంబీ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన అక్కడ జరుగుతుంది. తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్. ఒకే రోడ్డు మీద నాలుగు బిట్లు!

ఇందులో కూడా చిక్కు ఉంది. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ మూడూ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కింద ఉంటే, ఎన్ఐఎన్ మాత్రం వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కింద ఉంది. అది 1918లో కూనూరులో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చింది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్‌వి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ, 1972లో వచ్చింది. సంస్థ ఎక్కడుందో మనకు తెలుసు, కానీ మాతృసంస్థ ఏదని అడిగితే తడబడతాం. నోట్సులో పేరు, చోటు, మాతృసంస్థ అని మూడు గళ్ళు గీయండి.

అదే రైలు బేగంపేట వెళుతుంది. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది అక్కడే, 1897 ఆగస్టు 20న. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆయనకు నోబెల్ 1902లో వచ్చింది. చరిత్ర, సైన్స్, ముఖ్యమైన దినాలు మూడూ ఒక్క స్టేషన్‌లో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉంటూ వీటిని పుస్తకంలో మాత్రమే వెతుక్కోవడం అన్యాయం.

ఆరో మెట్టు: కరెంట్ అఫైర్స్

దీని మీద అవసరానికి మించి టైమ్ పెడుతున్నారు. ఒక దినపత్రిక, ఒక నెలవారీ సంకలనం చాలు. టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే పీడీఎఫ్‌లన్నీ దాచుకోవడం మానేయండి. పరీక్షకు ముందు ఏడాది కాలం చూసుకుంటే సాధారణంగా సరిపోతుంది.

అయితే ప్రతి వార్తనూ స్టాక్ జీకేతో, అంటే ఎప్పటికీ మారని విషయాలతో, ముడివేయాలి. 2021లో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అది వార్త. దాని వెనక పాలంపేట, ములుగు జిల్లా, గణపతిదేవుడి కాలం, 1213, కట్టించిన రేచర్ల రుద్రుడు, నీళ్ళ మీద తేలే ఇటుకలు ఉన్నాయి. గుర్తింపుల్లో అది దేశంలో 39వది, వెంటనే వచ్చిన ధోలావీరా 40వది. వార్త పాతబడినా వెనక ఉన్నవన్నీ గ్రూప్స్‌లో పనికొస్తూనే ఉంటాయి.

ఏడో మెట్టు: తప్పుల నోట్‌బుక్

రాసిన ప్రతి టెస్టు తర్వాత తప్పులను ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. మార్జిన్‌లో ఒక్క అక్షరం చాలు. అసలు తెలియకపోతే "తె". చదివి మరిచిపోతే "మ". తెలిసి కూడా ప్రశ్నను సరిగ్గా చదవకపోతే "తొ", అంటే తొందర. నెలాఖరున లెక్కపెట్టండి. "తె" ఎక్కువుంటే చదవాల్సింది మిగిలి ఉంది. "మ" ఎక్కువుంటే కొత్తవి ఆపి రివిజన్ చేయాలి. "తొ" ఎక్కువుంటే ఇంకో పుస్తకం కొనకండి. టెస్టులో "కానిది", "సరికానిది", "మాత్రమే" అన్న మాటల కింద గీత గీసే అలవాటు చేసుకోండి.

రివిజన్‌కు నేను వాడిన లెక్క: చదివిన మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు. ప్రతిసారీ పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాసి, ఆ తర్వాతే తెరిచి చూడాలి. మూసి రాయడం కష్టంగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. గుర్తుండేది మాత్రం అలా కష్టపడి బయటికి లాగినదే. రూమ్మేట్ ఉంటే ఒకరి నోట్సులోంచి ఒకరు ప్రశ్నలు అడగండి. మెస్‌లో అన్నం వడ్డించేలోపు పది ప్రశ్నలు అయిపోతాయి.

ఎనిమిదో మెట్టు: తెలియని ప్రశ్నను ఏం చేయాలి

నెగెటివ్ మార్కుల భయంతో వచ్చే మార్కులు కూడా వదిలేస్తున్నవారిని చూశాను. లెక్క వేసి చూద్దాం. ఎన్‌టీపీసీలో ఒప్పుకు 1, తప్పుకు మూడో వంతు కోత. ఏమీ తెలియని 12 ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పవుతాయి, 9 తప్పవుతాయి. వచ్చిన 3 మార్కులూ కోతలో పోతాయి, మిగిలేది సున్నా. అదే 12 ప్రశ్నల్లో ఒక్కో దాంట్లో రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే, 6 ఒప్పు, 6 తప్పు. 6 లోంచి 2 పోయి 4 మార్కులు చేతికొస్తాయి. సీజీఎల్‌లో ఒప్పుకు 2, తప్పుకు అర మార్కు కాబట్టి, ఇదే పరిస్థితిలో 12 లోంచి 3 పోయి 9 వస్తాయి.

సగటు అంటే ప్రతిసారీ అలాగే వస్తుందని కాదు. అయినా రెండు ఆప్షన్లు తీసేయగలిగితే పెట్టడమే మంచిది, ఎన్‌టీపీసీలా మూడో వంతు కోత ఉన్నచోట ఒక్కటీ తీసేయలేకపోతే వదిలేయడం మంచిది. మూడో మెట్టులో చెప్పినట్టు తప్పు ఆప్షన్లను చదివినవారికి ఆ తీసేసే బలం ఉంటుంది. నెగెటివ్ లేని పరీక్షలో అయితే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఉందో లేదో మీ నోటిఫికేషన్‌లో చూసుకోండి, పక్కవాళ్ళ మాట నమ్మకండి.

ఓఎంఆర్ పరీక్ష, అంటే షీటు మీద పెన్నుతో గడులు దిద్దేది, అయితే ఇంట్లో రాసే గ్రాండ్ టెస్టులకు కూడా ఓఎంఆర్ జిరాక్సులే వాడండి, పరీక్షకు ఏ పెన్ను తీసుకెళ్తారో దాంతోనే. 150 బబుల్స్ దిద్దడానికి ఎంత సమయం పడుతుందో ఒకసారి ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. జవాబులన్నీ ప్రశ్నపత్రం మీద టిక్ చేసి చివర్లో ఒకేసారి దిద్దుదామనుకుంటే, మధ్యలో ఒక్క నంబర్ జరిగిందంటే కిందివన్నీ జరుగుతాయి. ఒక పేజీ ప్రశ్నలు కాగానే ఆ పేజీ వరకు దిద్దేసి, చివరి ప్రశ్న నంబరూ చివరి బబుల్ నంబరూ ఒకటేనా అని వేలు పెట్టి చూసుకుని, అప్పుడు పేజీ తిప్పండి.